పెళ్ళిదాకా రాసుకోవచ్చా?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి ఏడు పేజీలుంది. రాసినావిడకు 26 ఏళ్ళు. గోదావరి ఒడ్డున ఒక పట్నంలో, హైస్కూల్లో సైన్సు పాఠాలు చెబుతున్నారు. పేరూ ఊరూ వెయ్యవద్దన్నారు కనుక వెయ్యడం లేదు. మామూలుగా నేను ఉత్తరాలను కుదించి జబ్బు సంగతి మాత్రమే ఇక్కడ ఇస్తుంటాను. ఈసారి అలా చేయబుద్ధి కాలేదు. ఆవిడ జబ్బు సంగతి ఆరో పేజీకి గాని రాలేదు. మొదటి ఐదు పేజీలూ సినిమాల గురించి, సీరియళ్ళ గురించి, ఆడపిల్ల ఎలా ఉండాలో నలుగురూ చెప్పే మాటల గురించీను. చదవడం పూర్తయ్యాక, ఆ ఐదు పేజీలూ కూడా జబ్బు కథలోవే అనిపించింది. అంచేత వాటిని కూడా కొంత ఇస్తున్నాను.

"డాక్టరుగారికి నమస్కారాలు. ముందే చెప్పేస్తున్నాను, నాకు అలంకారం అంటే ఇష్టమే. లిప్‌స్టిక్ వేసుకుంటాను, గోళ్ళరంగు వేసుకుంటాను. మల్లెపూల రోజుల్లో మూరెడు దండ లేకుండా బడికి వెళ్ళను. స్టాఫ్‌రూములో ఒకావిడ, 'సైన్సు చదువుకున్నదానివి, నీకెందుకే ఈ సోకులు?' అంటుంది. చీర కట్టకుండా చుడీదారులో వెళ్ళిన రోజున, 'ఆడపిల్లవి, కాస్త నిండుగా ఉండాలమ్మా' అంటుంది. రెండు మాటలూ ఒక్కరే, ఒకే కుర్చీలో కూచుని అంటారు. నేనెలా ఉంటే ఆవిడకు బాగుంటుందో నాకు ఇప్పటికీ తెలియలేదు.

"సినిమాలన్నా ఇష్టమే. వచ్చిన వారంలోనే చూస్తాను. హీరో ఏ రంగులో ఉన్నా ఫరవాలేదు. గడ్డం మాసినా, నలభై ఏళ్ళు దాటినా ఫరవాలేదు. పొలం పనికి వెళ్ళే అమ్మాయి వేషం వేసిన హీరోయిన్ మాత్రం ఎండ మొహం ఎరగనట్టుంటుంది. బీదపిల్లని చూపించాలంటే తెల్లటి అమ్మాయికే కాస్త గోధుమరంగు పూస్తారు. నిజంగా నల్లటి అమ్మాయినే పెట్టొచ్చు కదరా అని మా తమ్ముణ్ణి అడిగితే, 'అప్పుడు టిక్కెట్టెవరు కొంటారే?' అన్నాడు. వాడు నాకంటే నలుపు.

"మా అమ్మ సీరియళ్ళు తిట్టుకుంటూనే చూస్తుంది. కోడలు నిద్రలేచేసరికే పట్టుచీర, ఒంటినిండా నగలు. చూడ్డం అయ్యాక నా వంక చూస్తుంది. ఏమీ అనదు. మా ఇంట్లో నన్ను నల్లపిల్ల అని ఎవరూ అనరు లెండి. 'నలుపైనా కళగల మొహం' అంటారు. ఆ 'ఐనా' దగ్గరే నేను ఇన్నేళ్ళుగా ఆగిపోయి ఉన్నాను."

ఇక ఆరో పేజీ:

"రెండు సంబంధాలు తప్పిపోయాయి. జాతకాలు కుదరలేదన్నారు. అసలు కారణం మధ్యవర్తి మా పిన్నితో చెప్పాడు. అప్పుడు పిన్ని తను వెళ్ళే బ్యూటీపార్లరు నుంచి ఒక తెల్లడబ్బా తెచ్చింది. మీద పేరు లేదు, చీటీ లేదు. రాత్రిళ్ళు రాసుకోమన్నారు. వారం తిరక్కుండానే మొహం తేటపడింది. బళ్ళో పిల్లలు కూడా 'టీచర్, ఏం రాస్తున్నారు?' అని అడిగారు. నెలకో డబ్బా చొప్పున ఏడాదిన్నర వాడాను. ఆ మొహంతోనే పెళ్ళిచూపులు జరిగాయి, సంబంధం కుదిరింది. ముహూర్తం ఇంకా ఏడు వారాలుంది. ఈమధ్య ఎండలోకి వెళితే మొహం మంట. బుగ్గల మీద దారాల్లాంటి ఎర్రటి గీతలు. గడ్డం మీద మొటిమలు, పెదవి పైన నూగు. భయపడి మానేశాను. మూడో రోజుకి మొహం కందగడ్డ అయింది. నీళ్ళు తగిలినా మంటే. మళ్ళీ రాస్తే రాత్రికి చల్లబడింది. 'పెళ్ళయ్యేదాకా రాసుకో, తరవాత మానేద్దువుగాని' అంటోంది అమ్మ. రాసుకోవచ్చా? మానేస్తే పెళ్ళినాటికి తగ్గుతుందా? రేపు పిల్లలు పుట్టడానికి ఏమైనా అడ్డమా? వాళ్ళు చూసిన మొహం ఒకటి, వాళ్ళింట్లో అడుగుపెట్టే మొహం ఇంకొకటి అయితే, నేను మోసం చేసినట్టా?"

ముందు జవాబు చెబుతాను, తరవాత కబుర్లు. రాసుకోకూడదు. పెళ్ళిదాకా కాదు కదా, ఈ వారం దాకా కూడా కాదు. ఈ సంచిక మీ చేతికి అందిన మర్నాడే చర్మవ్యాధుల నిపుణుల దగ్గరికి వెళ్ళండి. ఆ డబ్బా కూడా పట్టుకెళ్ళండి. సిగ్గుపడి ఇంట్లో దాచిపెట్టి, "ఏదో ఎలర్జీ వచ్చింది" అని చెప్పకండి. అలా చెప్పి, మొహం ఎర్రబడినందుకు ఇంకో స్టిరాయిడ్ ఆయింట్‌మెంటు రాయించుకుని వచ్చినవాళ్ళను నేను చాలామందిని చూశాను.

మీ డబ్బాలో ఏముందో నేను చూడలేదు. కాని మీరు రాసిన లక్షణాలు వరసగా పేర్చి చూస్తే అందులో స్టిరాయిడ్ ఉందనే నా గట్టి నమ్మకం. బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసోల్ అని వీటిలో రకరకాలున్నాయి. ఇవి చెడ్డ మందులేమీ కావు. గజ్జి కాని దురదలకు, సోరియాసిస్‌కు, కొన్ని రకాల ఎగ్జిమాకు డాక్టరు చెప్పినచోట, చెప్పినన్ని రోజులు రాస్తే ఎంతో మేలు చేస్తాయి. వాటికి ఇంకో గుణం కూడా ఉంది. చర్మం కింది సన్నటి రక్తనాళాలను బిగిస్తాయి, రంగు తయారయ్యే పనిని మందగింపజేస్తాయి. అంచేత మొదటి వారంలో మొహం తేటగా, నునుపుగా కనిపిస్తుంది. మీ బళ్ళో పిల్లలు చూసింది ఆ వారాన్నే.

ఆ తరవాతి కథ నెమ్మదిగా నడుస్తుంది. మొహం మీది చర్మం అసలే పల్చన. స్టిరాయిడ్ దాన్ని ఇంకా పల్చన చేస్తుంది. కింది నాళాలు పైకి కనిపిస్తాయి. మీరు దారాలన్నవి అవే. మొటిమలు లేస్తాయి, నూగు పెరుగుతుంది. ఎండకు తట్టుకునే శక్తి పోతుంది. ఇంతకాలం బిగిసి ఉన్న నాళాలు, మందు మానగానే ఒక్కసారిగా విచ్చుకుంటాయి. మీరు మానిన మూడో రోజున మొహం కందగడ్డ కావడానికి కారణం అదే. మళ్ళీ రాస్తే చల్లబడింది కాబట్టి మందు మంచిదేనని అమ్మగారు అనుకున్నారు. నిజానికి ఆ మంటను పెట్టిందీ ఆ మందే, తాత్కాలికంగా ఆర్పిందీ ఆ మందే. పుగాకు మానినవాడికి తల తిరిగితే, మళ్ళీ ఒక చుట్ట కాల్చగానే తగ్గినట్టు.

మన పెద్దవాళ్ళు అందమైన పిల్లని "ఎర్రగా బుర్రగా ఉంది" అంటారు. ఈ క్రీముల వల్ల ఎర్రగా మాత్రం తప్పకుండా అవుతారు!

ఈ కథ ఎక్కడ మొదలైందో కూడా చెప్పాలి. 1975లో అమెరికాలో క్లిగ్‌మన్, విల్లిస్ అనే ఇద్దరు మూడు మందులు కలిపిన ఒక లేపనాన్ని ప్రకటించారు. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, వీటితోపాటు ఒక స్టిరాయిడ్. మంగుమచ్చల వంటివాటికి, డాక్టరు కనిపెట్టి ఉండగా, కొద్ది వారాలు వాడవలసిన మందు అది. దాని వంశంలోని ట్యూబులే మన మందుల షాపుల్లో తెల్లబడే క్రీములన్న పేరుతో చలామణీ అయ్యాయి. డాక్టరు ఒకరికి ఆరు వారాలకు రాసిన చీటీ మీద చెల్లెలు, వదిన, ఎదురింటి అమ్మాయి ఆరేళ్ళు కొనుక్కుంటారు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టిరాయిడ్ పైపూత మందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని జాబితాలో చేర్చింది. చట్టం అయితే వచ్చింది. పార్లరులో చీటీ లేని తెల్లడబ్బాకు ఏ జాబితా వర్తిస్తుంది?

విచిత్రంగా అదే 1975లో మన దేశంలో 'ఫెయిర్ అండ్ లవ్లీ' క్రీము కూడా మార్కెట్లోకి వచ్చింది. 2020లో దాని పేరులోంచి 'ఫెయిర్' తీసేసి 'గ్లో' అని పెట్టారు. నల్లగా ఉన్నవాళ్ళను తక్కువవాళ్ళుగా చూపించకూడదని ప్రకటనల వారి సంస్థ 2014లోనే నియమం పెట్టుకుంది. పేరున్న కంపెనీల మామూలు సౌందర్య క్రీములకూ, నేను చెబుతున్న డబ్బాలకూ తేడా ఉందని గుర్తుంచుకోండి. మామూలువాటిలో స్టిరాయిడ్ కలపకూడదు. వాటివల్ల ప్రకటనలో చూపించినంత తెలుపూ రాదు. ఏ క్రీమైనా వారంలోనే అద్భుతం చేసిందంటే, సంతోషించేముందు అనుమానించండి.

ఇంకో ప్రమాదం ఉంది, భయపెట్టాలని కాదు గాని చెప్పక తప్పదు. ఊరూ పేరూ లేని తెల్లబడే క్రీముల్లో కొన్నిట్లో పాదరసం ఉంటుంది. మన దేశపు 2020 సౌందర్య సాధనాల నియమాల ప్రకారం, కంటికి పెట్టుకునేవాటిని మినహాయిస్తే, దేనిలోనూ అది పది లక్షల పాళ్ళలో ఒక పాలు మించకూడదు, అదీ పొరపాటున కలిసినదైతేనే. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో కొందరికి మూత్రపిండాల జబ్బు వచ్చి, ఎందుకొచ్చిందని డాక్టర్లు ఆరా తీస్తే ఇటువంటి క్రీములు బయటపడ్డాయి. మీకు కాళ్ళవాపు గాని, పొద్దున్నే కళ్ళకింద ఉబ్బు గాని, మూత్రంలో నురగ గాని ఉన్నాయా? లేకపోయినా ఒకసారి మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయించుకోండి. ఖరీదైన పరీక్ష కాదు.

ఇక ఏడు వారాల సంగతి. పెళ్ళినాటికి పూర్తిగా తగ్గిపోతుందని నేను మాట ఇవ్వలేను. ఇస్తే అది పార్లరు మాటవుతుంది. ఏడాదిన్నర వాడినవారికి మంట, ఎరుపు తగ్గడానికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పడుతుంది. మొదటి రెండు మూడు వారాలూ ఇప్పటికంటే ఎక్కువ కావచ్చు కూడా. ఆ రోజుల్లోనే చాలామంది భయపడి మళ్ళీ డబ్బా మూత తీస్తారు. మీరు తియ్యకండి. డాక్టరు మిమ్మల్ని చూసి, మందును ఒక్కసారిగా ఆపించడమో, తేలికరకానికి మార్చి మెల్లగా తగ్గించడమో, మంట తట్టుకోవడానికి స్టిరాయిడ్ లేని పూతలు, మింగే మందులు ఇవ్వడమో చేస్తారు. ఏది మీకు తగునో చూసినవారే చెప్పాలి. మొటిమలూ నూగూ తగ్గే అవకాశం బాగా ఉంది. ఎర్రటి గీతలు కొన్ని మిగిలిపోవచ్చు. వాటికి తరవాత లేజరు చికిత్స ఉంది, తొందరలేదు.

ఇంట్లో మీరు చేయవలసింది చాలా తక్కువ, చేయకూడనివే ఎక్కువ. చల్లటి నీళ్ళతో రోజుకు రెండుసార్లు మొహం కడుక్కోండి, రుద్దకుండా తుడుచుకోండి. వాసన, రంగు లేని మామూలు మాయిశ్చరైజరు రాయండి. ఎండలోకి వెళ్ళేముందు జింక్ ఆక్సైడ్ ఉన్న, ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాసుకుని గొడుగు వేసుకోండి. గొడుగు వేసుకుంటే నవ్వుతారని మీ ఊళ్ళో అనుకుంటారేమో, గోదావరి ఎండ సంగతి తెలిసినవాళ్ళెవరూ నవ్వరు. బ్లీచింగు, ఫేషియల్, స్క్రబ్బు, నిమ్మరసం, టొమాటో, శనగపిండి, ఇవేవీ మొహం దరికి రానివ్వకండి. "సహజమైనదే కదా" అని పిన్ని అంటారు. నిమ్మరసం సహజమైనదే, పుండు మీద పిండితే ఏమవుతుందో పిన్నిగారికీ తెలుసు.

పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు నలుగు పెడతారు కదా. చేతులకూ కాళ్ళకూ పెట్టించుకోండి, మొహానికి వద్దనండి. ముత్తైదువలు ఒప్పుకోకపోతే నుదుట చుక్కపెట్టి శాస్త్రం అయిందనిపించమనండి. పెళ్ళిమేకప్పు చేసే అమ్మాయి వాడే సామాను మూడు నాలుగు రోజుల ముందే తెప్పించుకుని, చెవి వెనకాల కాస్త రాసి, రెండు రోజులు చూసి, మంట లేకపోతేనే ఒప్పుకోండి. కొత్తవేవీ పెళ్ళినాడు మొదటిసారిగా పూయనివ్వవద్దు. ఆ రాత్రి ఎంత అలిసిపోయినా మేకప్పు కడుక్కునే పడుకోవాలి.

పిల్లల విషయం. మొహానికి రాసిన కొద్దిపాటి క్రీము వల్ల పిల్లలు పుట్టకపోవడం ఉండదు, ఆ భయం వదిలెయ్యండి. కాని ఆ డబ్బాలో ట్రెటినోయిన్ ఉంటే గర్భం వచ్చే సమయానికి అది ఒంటి మీద ఉండకూడదు. పాదరసం గర్భంలోని శిశువుకు మరీ హాని. ఆ డబ్బాలో ఏముందో ఎవరూ చెప్పలేరు కాబట్టి, ఇప్పుడు మానెయ్యడానికి ఇది ఇంకో కారణం. రక్తంలో, మూత్రంలో పాదరసం పరీక్ష అవసరమా అని డాక్టరుని అడగండి.

ఇప్పుడు మీ ఐదు పేజీల సంగతికి వస్తాను. మీ అభిప్రాయాల్లో చాలావాటితో నాకు పేచీ లేదు. అలంకారం ఇష్టమని చెప్పుకోడానికి మీరు ఉపోద్ఘాతం రాసుకోనక్కరలేదు. పూలూ, లిప్‌స్టిక్కూ, కాటుకా ఆరోగ్యానికి చేసే చెడు దాదాపు శూన్యం, మనసుకు చేసే మేలు కొంత ఉంది. లిప్‌స్టిక్ సాయంత్రం కడిగితే పోతుంది, మర్నాడు పొద్దున్న వేసుకోవాలో వద్దో మళ్ళీ మీ ఇష్టం. ఆ డబ్బాలోది అలా కాదు. అది మందు. కడిగినా పోదు, మానాలన్నా మాననివ్వదు. అది అలంకారాల సరసన కూచోవలసింది కాదు. మొహానికి రాసుకునేవన్నీ ఒకటేనని అనుకోబట్టే పిన్నిగారు దాన్ని మల్లెపూల బుట్టలో పెట్టి తెచ్చారు.

సినిమాల గురించి మీరన్నది నిజమే గాని, దోషమంతా సినిమా మీద వెయ్యడానికి నాకు మనసొప్పదు. మన సినిమాలు పుట్టకముందు కూడా నల్లపిల్లకి కట్నం ఎక్కువే అడిగేవారు. భారతంలో ద్రౌపదికి కృష్ణ అని పేరు, నల్లనిది కనుక. అయిదుగురు మగవాళ్ళూ స్వయంవరం దాకా నడిచివెళ్ళింది ఆవిడ కోసమే. తెర మీద ద్రౌపది నల్లగా కనిపించినట్టు నాకైతే గుర్తులేదు. 'నలుపు నారాయణుడు మెచ్చు' అని సామెత మాత్రం నోటినిండా అంటాం. మెచ్చేది నారాయణుడు, పెళ్ళిచూపులకు వచ్చేది ఆడపడుచు. అదీ చిక్కు.

సినిమావాళ్ళలో కూడా అందరూ ఒక్కలాంటివాళ్ళు కారు. సాయి పల్లవిగారు 2015లో 'ప్రేమమ్' అనే మలయాళ చిత్రంలో మొహం మీది మొటిమలతోనే కనిపించారు. 2017లో 'ఫిదా'లో బాన్సువాడ పిల్లగా మేకప్పు ఉందో లేదో తెలియనట్టే నటించారు. టిక్కెట్లు బాగానే తెగాయి, ఈ సంగతి మీ తమ్ముడితో చెప్పండి. తెల్లబడే క్రీము ప్రకటనలో నటించమంటే కాదన్నారని 2019లో పత్రికల్లో చదివాం. ఆవిడ తెల్లగానే ఉంటారు కదా అంటారేమో. ఉంటారు. మొటిమలు దాచకుండా తెర మీదికి రావడానికి కూడా కాస్త ధైర్యం కావాలి.

మీరు సైన్సు చెబుతారు కాబట్టి మీకు తెలిసిన పాఠమే గుర్తుచేస్తాను. రంగు తయారుచేసే కణాలు తెల్లవారికైనా నల్లవారికైనా దాదాపు ఒకే లెక్కన ఉంటాయి. అవి తయారుచేసే రంగురేణువుల పరిమాణంలో, పంపకంలోనే తేడా. ఆ రేణువులు ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి లోపలి కణాలకు గొడుగు పడతాయి. చర్మపు క్యాన్సరు తెల్లజాతులవారికి ఎక్కువగా, మనకు తక్కువగా రావడానికి ముఖ్యకారణం అదే. ఈ పాఠం మీరు పిల్లలకు ఎన్నిసార్లు చెప్పి ఉంటారో! ఇంటికెళ్ళి రాత్రికి ఆ గొడుగునే చింపుకుంటున్నారు.

మోసం చేసినట్టా అని అడిగారు. దీనికి డాక్టరుగా జవాబు లేదు, ఆడదానిగా చెబుతాను. నాదీ మీ రంగే. నా పెళ్ళిచూపులకు మా మేనత్త పౌడరు రెండుపూతలు వేసి, చెమట పట్టకుండా నన్ను ఫ్యాను కింద అరగంట కూచోబెట్టింది. మావారు వచ్చేసరికి కరెంటు పోయింది. పౌడరు కారి మెడ మీద చారలు కట్టింది. ఆయన ఏమీ అనలేదు, మంచినీళ్ళు తాగుతారా అని నన్నే అడిగారు. అందరి కథా అలాగే జరుగుతుందని నేను చెప్పను. మా ఇంట్లోనే మా అక్కకు అలా జరగలేదు.

అయినా నా సలహా ఏమిటంటే, పెళ్ళికొడుకుతో మీరే మాట్లాడండి. ఇప్పుడు ఫోన్లున్నాయి, మా రోజుల్లోలా కాదు. రంగు గురించి క్షమాపణలు చెప్పుకోవద్దు. "ఒక మందు మొహానికి పడలేదు, వైద్యం చేయించుకుంటున్నాను, కొన్ని నెలలు ఎర్రగా ఉంటుంది, తరవాత నా మామూలు రంగు వస్తుంది" అని ఉన్నది చెప్పండి. మీ కాలేజీ రోజుల ఫోటో ఒకటి పంపండి. ఇది విని వెనక్కి పోయే మనిషైతే ఆ సంగతి ఏడు వారాల ముందు తెలియడమే నయం. అమ్మగారికి ఈ మాట మింగుడుపడదు. ఆవిడ మీద కోపం పెట్టుకోకండి. తప్పిపోయిన రెండు సంబంధాల కబురూ ముందు విన్నది ఆవిడే, మీకు జాతకాలని చెప్పి లోపల దాచుకున్నదీ ఆవిడే. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు అమ్మగారిని కూడా తీసుకెళ్ళండి. మీరు పది రోజులు చెప్పినా విననిది డాక్టరు పది నిమిషాల్లో చెబితే వింటారు. వీలైతే పిన్నిగారిని కూడా. ఆ డబ్బా ఆవిడ కూడా వాడుతుండాలి కదా.

ఇదే విషయం మీద వచ్చిన మరి రెండు ఉత్తరాలకు క్లుప్తంగా జవాబిస్తాను.

కోడలికి అయిదో నెల, మనవడు తెల్లగా పుట్టాలని పాలలో కుంకుమపువ్వు కలిపి ఇస్తున్నాను, ఎంత వెయ్యాలి అని ఒక అత్తగారు అడిగారు. బిడ్డ రంగును తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువులు నిర్ణయిస్తాయి, అది గర్భం నిలిచిననాడే అయిపోయింది. కుంకుమపువ్వు రెండు రేకులు వాసన కోసం వేస్తే హాని లేదు, రంగు కోసమైతే డబ్బు దండగ. పాలు మంచివే. కోడలు ఈమధ్య తెల్లగా తేలిందని సంతోషంగా రాశారు. నాకు అక్కడే అనుమానం తగిలింది. కింది కనురెప్ప లాగి చూడండి, నాలుక చూడండి, గోళ్ళు చూడండి. ఎరుపు లేకుండా పాలిపోయి ఉంటే అది తెలుపు కాదు, రక్తం తక్కువ కావడం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ప్రభుత్వం గర్భిణులకు ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, దానితోపాటు ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు వెయ్యాలి. పరీక్షలో బాగా తక్కువని తేలితే ఎంత వెయ్యాలో డాక్టరు చెబుతారు. ఈ మాత్రను మీ కుంకుమపువ్వు పాలతో మాత్రం వెయ్యకండి, ఇనుము ఒంటికి సరిగా పట్టదు. కాఫీ, టీలతో కూడా వద్దు. నిమ్మకాయనీళ్ళతో వెయ్యండి.

రెండో ఉత్తరం ఒక తల్లిది. "మా అమ్మాయికి 17 ఏళ్ళు. మొహం తెలుపే గాని మెడ వెనకాల, చంకల్లో నల్లగా, మందంగా మఖమల్లు గుడ్డలా ఉంది. పీచుపెట్టి రుద్దినా, నిమ్మచెక్కతో రుద్దినా పోవడం లేదు. ఏడాదిలో లావైంది. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోంది. తెల్లబడే క్రీము ఏది మంచిది?" అమ్మా, అది మట్టి కాదు, రుద్దితే పోయేది కాదు. రుద్దినకొద్దీ నలుపు పెరుగుతుంది. ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా సరిగా పనిచెయ్యనప్పుడు మెడ అలా నల్లబడుతుంది. లావెక్కడం, నెలసరి తప్పడం దానితో కలిసి వచ్చాయంటే, అండాశయాల్లో నీటిబుడగల సమస్య అని మనవాళ్ళంటారే, అది ఉండవచ్చు. మధుమేహానికి అది ముందస్తు కబురు కూడా కావచ్చు. కాబట్టి క్రీముల షాపుకి కాకుండా స్త్రీల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. పరగడుపున చక్కెర, థైరాయిడ్, కడుపు స్కానింగు చేయిస్తారు. బరువు మెల్లగా తగ్గితే మెడ కూడా మెల్లగా తేటపడుతుంది. "నువ్వు లావయ్యావు" అని పొద్దస్తమానం అనకుండా సాయంత్రం మీరూ అమ్మాయితో కలిసి ముప్పావుగంట నడవండి. పరీక్షకు వెళ్ళేనాడు రాత్రి భోజనం ఎనిమిదిలోపు ముగించి, పొద్దున్న కాఫీ కూడా తాగనివ్వకుండా తీసుకెళ్ళండి. మంచినీళ్ళు తాగవచ్చు.